చెట్టు మీద వేలాడే ఆ ఫెర్న్ ఏది? పుదుచ్చేరిలో దాన్ని గుర్తుపట్టడం ఎలా?

ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక, డిసెంబర్ చివర్లోనో జనవరిలోనో, పుదుచ్చేరిలో పాత చెట్ల కింద నిలబడి తల ఎత్తి చూస్తే కొమ్మల పంగల్లో ఒక పచ్చటి కుచ్చు వేలాడుతూ కనిపించవచ్చు. ఆకులు మూరెడు, రెండు మూరల పొడవున కిందికి వంగి ఉంటాయి. అంచులు లోతుగా చీలి ఉంటాయి. వాటి మొదట్లో గోధుమరంగు అట్టముక్కల్లాంటివి చెట్టును కరుచుకుని ఉంటాయి.

అది ఏమిటని అడిగితే రకరకాల సమాధానాలు వస్తాయి. బదనిక అని ఒకరంటారు. ఆర్కిడ్ అని మరొకరు. నర్సరీలో అమ్మే ఫెర్న్ అక్కడికి ఎలా వెళ్లిందని ఇంకొకరు ఆశ్చర్యపోతారు. కొండ ప్రాంతాల నుంచి వచ్చిన తమిళులైతే 'ముడవాట్టుకాల్' అని ఠక్కున చెప్పేస్తారు.

ఏ పేరు పెడతారన్న దాన్ని బట్టే ఆ మొక్క ఉంటుందా పోతుందా అన్నది తేలుతుంది. బదనిక అనుకుంటే చెట్టును కాపాడుతున్నామనుకుని కొట్టేస్తారు. ముడవాట్టుకాల్ అని తెలిస్తే దుంప కోసం పీకేస్తారు. నర్సరీ మొక్క అనుకుంటే, చెట్టు కూలినప్పుడు దాన్ని చెత్తతో పాటు లారీకి ఎక్కించేస్తారు.

పైన చెప్పిన గుర్తులన్నీ సరిపోయే దేశీయ ఫెర్న్ డ్రైనేరియా క్వెర్సిఫోలియా. ఇంగ్లిష్‌లో దీన్ని ఓక్ లీఫ్ ఫెర్న్ అంటారు. భారత్, శ్రీలంకల నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర భాగం దాకా ఇది సహజంగా పెరుగుతుంది. అయితే చెట్టు మీద వేలాడేదల్లా డ్రైనేరియా కాదు. అసలు ఫెర్న్ కూడా కాకపోవచ్చు.

ముందు ఇది ఫెర్నేనా?

ఫెర్నులకు పువ్వులు ఉండవు, కాయలు ఉండవు, విత్తనాలు ఉండవు. వాటి వంశం సిద్ధబీజాలతో నడుస్తుంది. ముదిరిన ఆకును తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు చుక్కలో, గీతలో కనిపిస్తాయి. తెలియనివాళ్లు వాటిని తెగులు అనుకుంటారు. నిజానికి అవి సిద్ధబీజాశయాల గుంపులు. వృక్షశాస్త్రంలో ఒక్కో గుంపును సోరస్ అంటారు. ఆ చుక్కలు గుండ్రంగా ఉన్నాయా, గీతల్లా ఉన్నాయా, అంచున ఉన్నాయా, మధ్యలో ఉన్నాయా అన్నదే ఫెర్నులను వేరు చేసే అసలు ఆధారం. ఆకు ఆకారం చాలాసార్లు మోసం చేస్తుంది.

రెండో గుర్తు లేత ఆకు. చాలా ఫెర్నుల్లో కొత్త ఆకు గడియారం స్ప్రింగులా చుట్టుకుని పుట్టి, మెల్లగా విచ్చుకుంటుంది.

బదనికకు ఈ రెండూ ఉండవు. మామిడి, వేప చెట్ల మీద కనిపించే బదనిక దళసరి ఆకులు, గొట్టాల్లాంటి పువ్వులు ఉన్న గుబురు పొద. దాని వేరు చెట్టు కొమ్మలోకి చొచ్చుకుపోయి నీళ్లు, లవణాలు పీల్చుకుంటుంది. దాన్ని తొలగించడంలో అర్థం ఉంది. తీరంలో పొదల మీద నూలుపోగుల్లా అల్లుకునే కస్సైతా కూడా ఇలా పీల్చే జాతే.

చెట్టు మీది ఫెర్న్ అలా కాదు. దాని వేర్లు బెరడును పట్టుకుంటాయి తప్ప లోపలికి దిగవు. చెట్టు దానికి ఇల్లు మాత్రమే, అన్నం కాదు. వాన నీరు, గాలిలో వచ్చే దుమ్ము, రాలిన ఆకులు కుళ్లి తయారయ్యే ఎరువుతో అది బతుకుతుంది. ఇలాంటివాటిని వృక్షోపజీవులు అంటారు. పుచ్చిపోయిన కొమ్మ మీద పెద్ద గుబురు వానకు తడిసి బరువెక్కితే కొమ్మ విరిగే ప్రమాదం ఉన్న మాట నిజమే. అప్పుడైనా తీయాల్సింది పుచ్చిన కొమ్మను. చెట్టు 'రక్తం' తాగుతోందన్న మాట మాత్రం తప్పు.

ఆర్కిడ్లూ వృక్షోపజీవులే. మైదాన ప్రాంతాల్లోనూ కనిపించే వాండా టెసెలాటాకు పట్టీల్లాంటి దళసరి ఆకులు, తాళ్లలా బయటికి వేలాడే తెల్లటి వేర్లు ఉంటాయి. ఆకు అడుగున చుక్కలు ఉండవు, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు పువ్వు వస్తుంది. గందరగోళానికి తెలుగు కూడా కొంత కారణమే. పరాన్నజీవినీ, ఊరికే చెట్టు మీద కూర్చునే ఆర్కిడ్‌నూ పాత వాడుకలో బదనిక అనే పిలిచారు.

ఒకే మొక్క, రెండు రకాల ఆకులు

డ్రైనేరియాను దూరం నుంచే పట్టించే గుర్తు ఇదే.

మొదటి రకం ఆకులు కాడ లేకుండా మొదట్లో చెట్టుకు అతుక్కుని ఉంటాయి. జానెడు నుంచి మూరెడు పొడవు. పుట్టినప్పుడు పచ్చగానే ఉన్నా త్వరలోనే పత్రహరితం పోయి గోధుమరంగుకు మారతాయి. ఎండినా రాలవు. ఒకదాని మీద ఒకటి పేరుకుని గంపలా తయారవుతాయి. పై నుంచి రాలే ఆకులు, పుల్లలు, పక్షుల రెట్టలు అందులో పడి కుళ్లుతాయి. నేలకు పది మీటర్ల ఎత్తున ఈ మొక్క తన మట్టిని తానే తయారు చేసుకుంటుందన్న మాట. కింద నుంచి చూసేవాళ్లకు ఈ గోధుమరంగు ఆకులు చచ్చిపోయినట్టు అనిపిస్తాయి. 'శుభ్రం' చేద్దామని వాటిని పీకేస్తే మొక్క భోజనం కంచం లాగేసినట్టే.

రెండో రకం ఆకులకు పొడవాటి కాడ ఉంటుంది. పచ్చగా, తోలులా గట్టిగా, మీటరు దాకా పెరిగి బయటికి వంగుతాయి. కింద నుంచి వేలాడుతున్నట్టు కనిపించేవి ఇవే. చీలికలు మధ్య ఈనెకు దగ్గర దాకా వెళ్లి ఆగిపోతాయి, రెమ్మలుగా పూర్తిగా విడిపోవు. వీటి అడుగునే సిద్ధబీజాలు తయారవుతాయి. పక్క ఈనెల మధ్య చిన్న గుండ్రటి చుక్కలు రెండు వరసలుగా, కుట్టు వేసినట్టు క్రమంగా ఉంటాయి. చుక్కల మీద కప్పు ఉండదు. ఇదే ప్రజాతికి చెందిన డ్రైనేరియా స్పార్సిసోరాలో చుక్కలు వరస లేకుండా చెల్లాచెదురుగా ఉంటాయి. ఆకు పై నుంచి చూస్తే ఈ రెండింటినీ వేరు చేయడం కష్టం. తిప్పి చూస్తే సులువు.

మూడోది కాండం. పసుపు కొమ్ములా అడ్డంగా పాకుతుంది, బొటనవేలంత లావు లేదా అంతకన్నా ఎక్కువ. దాని నిండా గోధుమరంగు పొలుసులు వెంట్రుకల్లా ఒత్తుగా ఉంటాయి. చేత్తో తాకితే జంతువు కాలు పట్టుకున్నట్టు ఉంటుంది. తమిళ పేరు వెనక ఉన్నది ఇదే.

మరో విశేషం. పువ్వు లేని ఈ మొక్కకు ఆకుల మీద తేనె గ్రంథులు ఉంటాయి. వాటి కోసం చీమలు వస్తాయి. పరీక్షించడానికి నిచ్చెన ఎక్కేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది.

వేసవిలో కథ మారిపోతుంది. ఎండలు ముదిరే కొద్దీ పచ్చటి ఆకులు పండి రాలతాయి. మధ్య ఈనెలు మాత్రం చేప ముళ్లలా నిలిచి ఉంటాయి. మే నెలలో చూసినవాళ్లు మొక్క చచ్చిందనుకుంటారు. లోపల కొమ్ము బతికే ఉంటుంది, వాన పడగానే చిగురిస్తుంది. అందుకే గుర్తింపుకు వేసవి సరైన కాలం కాదు.

పేర్ల కథ

ఈ ఫెర్న్ యూరప్ పుస్తకాలకు ఎక్కింది కేరళ నుంచి. కొచ్చిన్‌లో డచ్ గవర్నర్‌గా ఉన్న హెండ్రిక్ వాన్ రీడ్ స్థానిక వైద్యుల సాయంతో 'హోర్టస్ మలబారికస్' అనే 12 సంపుటాల గ్రంథాన్ని తెచ్చాడు. 1678 నుంచి 1693 దాకా అది ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. దాని చివరి సంపుటంలో ఈ మొక్క 'పన్న కెళెంగు మరవర' అన్న పేరుతో బొమ్మతో సహా కనిపిస్తుంది. ఆ మలయాళ పేరును విడదీస్తే ఫెర్న్, దుంప, చెట్టు మీద ఉండేది అన్న మూడు సంగతులూ తెలుస్తాయి. ఏ మొక్కో చెప్పడానికి ఇంతకన్నా మంచి పేరు తర్వాత ఎవరూ పెట్టలేదనే చెప్పాలి.

లినేయస్ 1753లో దీనికి పాలిపోడియం క్వెర్సిఫోలియం అని పేరు పెట్టాడు. ఓక్ ఆకు ఉన్నది అని అర్థం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓక్‌ను పోలేది వేలాడే పచ్చటి ఆకు కాదు, మొదట్లో అతుక్కుని ఉండే గోధుమరంగు ఆకు. తర్వాత దీన్ని డ్రైనేరియా ప్రజాతిలోకి మార్చారు. ఇటీవల కొందరు శాస్త్రవేత్తలు దీన్ని అగ్లావోమోర్ఫా ప్రజాతిలో కలపాలన్నారు. కాబట్టి ఒక వెబ్‌సైట్‌లో డ్రైనేరియా అని, మరో చోట అగ్లావోమోర్ఫా అని కనిపిస్తే అవి రెండు మొక్కలు కావు.

తెలుగు నేల మీద వృక్షశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన విలియం రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో పనిచేశాడు. ఆయన రాసిన 'ఫ్లోరా ఇండికా' 1832లో అచ్చయినప్పుడు అందులో పూల మొక్కలే ఉన్నాయి. ఫెర్నుల భాగాన్ని గ్రిఫిత్ 1844లో కలకత్తాలోని ఒక పత్రికలో వేశాడు. ఫెర్నులు ఎప్పుడూ ఇలా వెనక వరసలోనే ఉండిపోయాయి. దక్షిణ భారత ఫెర్నులకు బొమ్మలతో కూడిన తొలి సమగ్ర గ్రంథాన్ని మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ 1860లలో తెచ్చాడు. పేర్లు మారినా ఆ బొమ్మలు ఇప్పటికీ పనికొస్తాయి.

పొరపాటు పడే అవకాశం ఎక్కడ?

పుదుచ్చేరి లాంటి పట్టణంలో ఎక్కువ పొరపాట్లకు మూలం నర్సరీలే. ఇళ్ల ముందు వేలాడే కుండీల్లో కనిపించేది సాధారణంగా బోస్టన్ ఫెర్న్, అంటే నెఫ్రోలెపిస్. దాని ఆకు పొడవైన పట్టీలా ఉండి, రెమ్మలు విడివిడిగా మధ్య ఈనెకు ఇరువైపులా అమరి ఉంటాయి. అడుగున చుక్కల మీద మూత్రపిండం ఆకారపు చిన్న కప్పు ఉంటుంది. గోధుమరంగు గంప ఉండదు. ఈత, తాటి జాతుల మట్టల మొదళ్లలో నెఫ్రోలెపిస్ తనంతట తానే మొలుస్తుంది కాబట్టి, చెట్టు మీద ఉన్నంత మాత్రాన అది అడవి మొక్క అనుకోకూడదు. ఈ ప్రజాతిలో దేశీయ జాతులూ ఉన్నాయి. బోస్టన్ రకం వచ్చింది మాత్రం అమెరికా ఖండం నుంచి.

దుప్పి కొమ్ముల్లా చీలిన ఆకులతో చెక్క పలకకు కట్టి అమ్మే స్టాగ్‌హార్న్, అంటే ప్లాటిసీరియం, కూడా రెండు రకాల ఆకులు ఉన్నదే. నర్సరీల్లో దొరికేది ఎక్కువగా ఆస్ట్రేలియా జాతి. మన దేశానికి చెందిన ప్లాటిసీరియం ఈశాన్యంలో ఉంది, ఇటు లేదు. చీలికలు లేని వెడల్పాటి ఆకులు గిన్నెలా చుట్టూ పేర్చినట్టు ఉంటే అది బర్డ్స్ నెస్ట్ ఫెర్న్. దాని ఆకు అడుగున చుక్కలకు బదులు సన్నటి గీతలు ఉంటాయి. బాస్కెట్ ఫెర్న్ పేరుతో అమ్మే డ్రైనేరియా రిజిడులా అన్నిటికన్నా దగ్గరి పోలిక ఉన్నది. దాని పచ్చటి ఆకులో రెమ్మలు పూర్తిగా విడిపోతాయి. మన ఓక్ లీఫ్ ఫెర్న్‌లో విడిపోవు.

నిజంగా 'వేలాడేవి' అనదగ్గవి పడమటి కనుమల తడి అడవుల్లో ఉన్నాయి. హాప్లోప్టెరిస్ ఆకులు గడ్డి పోచల్లా, రిబ్బన్లలా జారుతాయి. సిద్ధబీజాలు ఆకు అంచు వెంట ఉంటాయి. ఫ్లెగ్మేరియూరస్ పచ్చటి జడకుచ్చుల్లా వేలాడుతూ, కొసల్లో రెండేసిగా చీలుతూ పోతుంది. దాన్ని టాసెల్ ఫెర్న్ అంటున్నా శాస్త్రం ప్రకారం అది ఫెర్న్ కాదు, అంతకన్నా పాత వంశమైన లైకోఫైట్లలో ఒకటి. ఈ రెంటికీ ఏడాది పొడవునా తేమ కావాలి. పుదుచ్చేరి రోడ్డు పక్క చెట్టు మీద ఇవి ఉన్నాయని ఎవరైనా అంటే ఫోటో అడగాల్సిందే.

దేశీయమైనదే, మరి ఈ చెట్టుకు సొంతమా?

ఈ ప్రశ్నను చాలామంది దాటేస్తారు. డ్రైనేరియా క్వెర్సిఫోలియా దక్షిణ భారతానికి దేశీయ జాతి. అంత మాత్రాన పుదుచ్చేరిలో ఒక ఫలానా చెట్టు మీద ఉన్న మొక్క అక్కడ తనంతట తాను పుట్టిందని చెప్పలేం.

పుదుచ్చేరిలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే కురుస్తుంది. మిగతా నెలల్లో ఉప్పుగాలి, ఎండ. సిద్ధబీజం గాలికి ఎంత దూరమైనా పోగలదు. కానీ అది మొలిచి, గోరంత పచ్చటి పొరగా మారి, దాని మీద బీజకణాలు కలవాలంటే బెరడు మీద కొన్ని వారాల పాటు నీటి తడి నిలవాలి. ఈ తీరంలో ఆ అవకాశం ఏడాదికి ఒక్కసారే. అందుకే వృక్షోపజీవ ఫెర్నులు ఇక్కడి కన్నా కొల్లి కొండలు, సేర్వరాయన్ కొండలు, ఆంధ్రప్రదేశ్‌లో అరకు, మారేడుమిల్లి వైపు ఎక్కువ. పుదుచ్చేరిలోనే భాగమైన యానాం పక్కన కోరింగ మడ అడవుల్లో మరో పెద్ద ఫెర్న్, అక్రోస్టికమ్, ఉంది. అయితే అది ఉప్పునీటి బురదలో పెరుగుతుంది, చెట్టెక్కదు.

కాబట్టి పట్టణంలో డ్రైనేరియా కనిపిస్తే రెండు దారులు. గాలి తెచ్చి ఉండొచ్చు, మనిషి కట్టి ఉండొచ్చు. కొమ్మకు తాడు, తీగ, కొబ్బరి పీచు ఆనవాళ్లు ఉన్నాయా, మొక్క అందుబాటు ఎత్తులో ఒకేచోట ఉందా, లేక ఎవరూ ఎక్కలేని పంగల్లో చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయా అన్నది చూడాలి. చిన్న పిల్ల మొక్కలు వేర్వేరు చోట్ల ఉంటే అది అక్కడ సంసారం పెట్టిందని అర్థం.

మొక్కలను తెచ్చి నాటడంలో ఈ ఊరికి పాత చరిత్రే ఉంది. బొటానికల్ గార్డెన్‌ను ఫ్రెంచివారు 1826లో మొదలుపెట్టారు. నీలగిరుల్లో మొక్కలు సేకరించిన పెరొటె ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేసి 1870లో ఇక్కడే కన్నుమూశాడు. పట్టణంలో పెద్ద నీడనిచ్చే నిద్రగన్నేరు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. పరదేశీ చెట్టు మీద దేశీయ ఫెర్న్ ఉండటం ఇక్కడ వింతేమీ కాదు.

అనుమానం తీర్చుకోవడానికి ఈ ఊళ్లో మంచి ఆధారం ఉంది. సెయింట్ లూయి వీధిలో 1955లో ప్రారంభమైన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌కు దక్షిణ భారత మొక్కల హెర్బేరియం ఉంది. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ నిర్వహణలోనూ ఆ సంస్థ భాగస్వామి. ఫోన్ యాప్ ఇచ్చే పేరు మొదటి అంచనా మాత్రమే. ఆకు పై భాగం ఫోటో ఒక్కటే ఇస్తే యాప్ కూడా మనిషిలాగే పొరబడుతుంది. మొత్తం మొక్క, మొదట్లోని గోధుమరంగు ఆకులు, పచ్చటి ఆకు అడుగు, కొమ్ము మీది పొలుసులు, ఆశ్రయమిచ్చిన చెట్టు బెరడు కనిపించేలా ఫోటోలు తీసి, తేదీ, చోటు రాసి పెడితే నిపుణులు చెప్పగలరు. అందనంత ఎత్తులో ఉంటే కింద రాలిన ఆకు చాలు. చుక్కలు దాని మీదే ఉంటాయి.

దుంప ధర

'ముడవన్' అంటే తమిళంలో కుంటివాడు, 'ఆట్టుకాల్' అంటే మేక కాలు. ముడవాట్టుకాల్ కిళంగు అంటే ఈ ఫెర్న్ కొమ్మే. నామక్కల్ జిల్లా కొల్లి కొండల్లో దీనితో సూప్ కాచి పర్యాటకులకు అమ్ముతారు. పొలుసులు గీరేసి, ముక్కలు కోసి, మిరియాలు, జీలకర్రతో ఉడికిస్తారు. శాకాహారుల మేక కాళ్ల సూప్ అని దానికి పేరు. మోకాళ్ల నొప్పులు పోతాయన్న ప్రచారంతో ఇప్పుడు పచ్చి దుంపలు, పొడి ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి.

గిరిజన వైద్యంలో దీని వాడకం పాతదే. ప్రయోగశాలల్లో, జంతువుల మీద కొన్ని అధ్యయనాలూ ఉన్నాయి. అంతటితో మోకాళ్ల నొప్పికి రుజువైన మందు అయిపోదు. చైనా వైద్యంలో ఎముకలకు వాడే 'గు సుయ్ బు' వేరే డ్రైనేరియా జాతి. దాని మీద జరిగిన పరిశోధనలను దీనికి అంటగట్టడం సరికాదు.

మొక్క వైపు నుంచి లెక్క ఇంకా సులువు. అల్లం నాటితే ఏడాదికి పంట వస్తుంది. ఈ కొమ్ము చేతి మందం కావడానికి ఏళ్లు పడుతుంది. కొమ్ము తీసేస్తే మొక్కే మిగలదు, ఎందుకంటే మొక్క అంటే ఆ కొమ్మే. అడవిలో వందల మొక్కలున్న చోట కొంత తీసుకున్నా తిరిగి రావచ్చు. పట్టణంలో ఒక చెట్టు మీద ఒకే గుబురు ఉన్నప్పుడు ఒక్క సూప్‌తో ఆ వీధిలో దాని చరిత్ర ముగుస్తుంది.

కూలిన చెట్టు మీద ఉంటే

2011 డిసెంబర్ 30న థానే తుపాను, 2024 నవంబర్ 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరే తీరం దాటాయి. థానే ధాటికి ఈ ప్రాంతంలో పెద్ద చెట్లు వేల సంఖ్యలో నేలకూలాయి. వృక్షోపజీవులు ఎక్కువగా ఉండేది గరుకు బెరడు, వెడల్పాటి పంగలు ఉన్న ముసలి చెట్ల మీదే. కొత్తగా నాటిన చెట్టు ఆ స్థితికి రావడానికి దశాబ్దాలు కావాలి.

కూలిన కొమ్మ మీద డ్రైనేరియా కనిపిస్తే దాన్ని కాపాడవచ్చు. గోధుమరంగు ఆకులతో, వేర్లతో సహా, కొమ్ము చివరి చిగురు తెగకుండా బెరడు నుంచి విడదీయాలి. నీడ ఉన్న మరో చెట్టు గరుకు పంగలో పెట్టి కొబ్బరి తాడుతో కట్టాలి. మేకులు కొట్టకూడదు, ప్లాస్టిక్ తీగ వాడకూడదు. చుట్టూ మట్టి కూరితే కొమ్ము కుళ్లుతుంది. ఉత్తర గోడ వైపో, మరో చెట్టు నీడలోనో ఉంటే మంచిది. సముద్రపు గాలి నేరుగా తగిలే బీచ్ రోడ్డు వరస పనికిరాదు. వేర్లు పట్టేదాకా పొడి రోజుల్లో నీళ్లు చల్లాలి. ఏ చెట్టు నుంచి ఏ చెట్టుకు, ఏ తేదీన మార్చారో రాసి ఉంచితే, పదేళ్ల తర్వాత దాన్ని చూసి ఇది ఇక్కడిదేనా అని అడిగేవాళ్లకు సమాధానం దొరుకుతుంది.